ఒంటి రంగూ, మింగే మాత్రలూ

మా శ్రీనివాసపురంలో మామిడి కాపు ఆలస్యం. ఆంధ్రదేశంలో బంగినపల్లి తిని చేతులు కడుక్కొనే వేళకు మా తోటలలో కోత జోరందుకొంటుంది. జూన్ నెల వచ్చిందంటే మండీ దారిలో మనిషి నడవడానికి చోటుండదు. లారీలు, ట్రాక్టర్లు, తోతాపురి కుప్పలు, గడ్డి పరచిన బుట్టలు, ఆ వాసనకు మూగిన ఈగలు. చుట్టాలు వచ్చేదీ ఆ నెలలోనే. పండు కోసమని ఎవరూ చెప్పరు గాని సంగతి అందరికీ తెలిసిందే.

2024 జూన్‌లో మా చెల్లెలి మనుమరాలు ఆస్ట్రేలియా నుంచి వచ్చినది. పద్దెనిమిదేండ్ల పిల్ల. తండ్రి మా చెల్లెలి పెద్ద కొడుకు. తల్లి ఆ దేశపు పిల్ల. బిడ్డకు తల్లి రంగు వచ్చినది, తండ్రి కండ్లు వచ్చినవి. రెండవనాటి ఉదయం స్నానాల గది గూటిలో ఒక సీసా కనిపించినది. లోపల ఇటుక రంగు మాత్రలు. ఒంట్లో బాగాలేదేమోనని మా చెల్లెలు భయపడి అడిగితే, ఆ పిల్ల వచ్చీరాని తెలుగులో ఇట్లా చెప్పినది:

"జబ్బు కాదు అవ్వా. ఇది తింటే ఎండలో బాగా నల్లగా అవుతాను. నాకు నాన్న రంగు రావల్ల."

అదే సమయానికి మా అన్న మనుమరాలు కూడా ఇంట్లో ఉన్నది. బెంగళూరులో ఉద్యోగం, సంబంధాలు చూస్తున్నారు. ఆమె సంచిలో మరొక సీసా ఉన్నది. అందులోవి తెల్లబడడానికి! ఇద్దరూ తిన్నె మీద కూర్చుని సీసాలు మార్చుకొని చూసుకొని పడీపడీ నవ్వినారు. మేమూ నవ్వినాము. మా చెల్లెలు మాత్రం నవ్వలేదు. ఎప్పుడూ కొంగుతో కప్పుకొనే ఎడమచేయి బయటికి తీసి, పిల్ల ముందు చాపి, "ఎండలో నల్లబడేదానికి నేనూ తిన్నాను తల్లీ, పద్నాలుగేండ్లప్పుడు" అన్నది.

అది 1972వ సంవత్సరం మాట. ఆమె ముంజేతి మీద రూపాయి బిళ్ళంత తెల్లమచ్చ లేచినది. బొల్లి. అంటువ్యాధి కాదు, కుష్ఠుతో ఏ సంబంధమూ లేదు. ఈనాడు చదువుకొన్న వారందరికీ ఈ సంగతి తెలుసు. ఆనాడు మా వీధిలో తెలియదు. బావి దగ్గర చేద ఇచ్చేటప్పుడు కూడా వేళ్ళు తగలకుండా ఇచ్చేవారు. మా నాయన భయపడి, ఎవరో చెప్పగా పక్క తాలూకాలోని ఒక వైద్యుని దగ్గరకు తీసుకొనిపోయినాడు. ఆయన ఒక నల్లని గింజల పొడి ఇచ్చి, పాలలో కలిపి తాగించి, కొంత మచ్చ మీద పట్టించి, ఎండలో కూర్చోబెట్టమన్నాడు. ఎంతసేపో సరిగా చెప్పలేదు. మొదటి రోజు అరగంట కూర్చున్నది. ఏమీ కాలేదు. మందు పట్టలేదనుకొని మరునాడు మా నాయన గంటసేపు కూర్చోబెట్టినాడు. అప్పుడూ ఏమీ కాలేదు. మూడవనాటి రాత్రి చేయంతా మంట. తెల్లవారేసరికి మోచేతి దాకా నీటి బొబ్బలు. మానడానికి నెలన్నర పట్టినది. చర్మం ముడుచుకొని, చుట్టూ మసిపూసినట్లు నల్లబడి, నడుమ తెల్లమచ్చ తెల్లమచ్చగానే మిగిలినది. 1979లో ఆమె పెండ్లి అయ్యేలోపల మూడు సంబంధాలు ఆ చేయి చూసి వెనక్కు పోయినవి. మా నాయన కడదాకా ఆ పొడి పేరు ఇంట్లో ఎత్తనివ్వలేదు.

ఆ గింజలు బావంచాలు. సంస్కృతంలో బాకుచి. శ్విత్రమని ప్రాచీన వైద్య గ్రంథాలు చెప్పిన తెల్లమచ్చల రోగానికి ఇది వేల ఏండ్లనాటి మందు. మందు అబద్ధం కాదు, ఆ సంగతి మొదట చెప్పాలి. 1933లో జోయిస్, మంజునాథ్, వెంకటరావు అనే మన దేశపు రసాయన శాస్త్రజ్ఞులు ఈ గింజల నుంచి సోరలెన్ అనే పదార్థాన్ని వేరుచేసి చూపినారు. నైలునదీ తీరాన మొలిచే మరొక మొక్క గింజలలో దీని అన్నదమ్ముల వంటి పదార్థాలే ఉన్నవని తెలిసి, 1940ల చివర కైరోలో ఎల్ మోఫ్తీ అనే వైద్యుడు బొల్లికి వాడినాడు. 1974లో అమెరికా వైద్యులు ఈ మాత్రకు నీలలోహితాతీత కిరణాల దీపాన్ని జతచేసి సోరియాసిస్‌కు చికిత్స చేసినారు. కనుక మింగే వస్తువు ఎండతో చేతులు కలిపి ఒంటి రంగు మార్చగలదన్నది మన పెరటి విద్యే. సీసాలవాళ్ళు కనిపెట్టినది కాదు.

గాని అది పనిచేసే తీరు వింటే ఒళ్ళు జలదరిస్తుంది. కడుపులోకి పోయిన సోరలెన్ నెత్తురుతో చర్మానికి చేరుతుంది. ఎండ తగలగానే చర్మకణాలలోని వంశసూత్రమైన డి.ఎన్.ఏ.కు మేకు వలె బిగుసుకొంటుంది. దానివల్ల పుట్టే కాలుడు ఆనాడే కనబడదు. రెండవ, మూడవ రోజులలో ముదురుతుంది. మా నాయన మోసపోయినది ఇక్కడే. మొదటి రోజు చర్మం మామూలుగా ఉన్నదంటే పని జరగలేదని కాదు, పొయ్యి అప్పుడే అంటుకొన్నదని. ఆసుపత్రులలో ఈ చికిత్స చేసేటప్పుడు మాత్ర ఎంత, దీపం ముందు ఎన్ని క్షణాలు అని లెక్కకట్టి, కండ్లకు నల్ల అద్దాలు పెట్టి చేస్తారు. అంత జాగ్రత్తగా చేసినా, ఏండ్ల తరబడి చేయించుకొన్న తెల్లజాతివారిలో చర్మపు క్యాన్సర్లు ఎక్కువగా వచ్చినవని అమెరికాలో తరువాత తేలినది. ఈ గింజల పొడిని ఇష్టం వచ్చినట్లు తిన్నవారిలో కాలేయం దెబ్బతిన్న ఉదంతాలు కూడా వైద్యుల పత్రికలలోకి ఎక్కినవి. ఇప్పుడు బొల్లికి చాలాచోట్ల సోరలెన్ మింగించకుండానే ఒక సన్నని కిరణాల పట్టీతో చికిత్స చేస్తున్నారు. ఇంట్లో ఎవరికైనా ఆ మచ్చ వస్తే చర్మవైద్యుని దగ్గరకు పోవడమే తప్ప పొడుల జోలికి పోవద్దని మా చెల్లెలు నాచేత రాయిస్తున్నది.

ఇక్కడొక చిన్న మాట. ముఖం నిగారింపు కోసం నిమ్మకాయ రుద్దుకొని ఎండలోకి పోయే ఆడపిల్లలు ఉన్నారు. నిమ్మతొక్కులో ఉండేదీ ఈ కుటుంబపు పదార్థమే. తెల్లబడబోయి నల్లని చారలు తెచ్చుకొంటారు.

రంగు మాత్రల చరిత్రలో నాకు మరపురాని మనిషి ఒకడున్నాడు. జాన్ హోవర్డ్ గ్రిఫిన్ అనే అమెరికా రచయిత. తెల్లవాడు. నీగ్రోలని ఆనాడు పిలిచేవారి బతుకు ఎట్లా ఉంటుందో ఒంటికి తెలియాలని, 1959లో న్యూ ఆర్లియన్స్ నగరంలో ఒక చర్మవైద్యుని సాయంతో సోరలెన్ జాతి మాత్రలు మింగి, దీపాల కింద పడుకొని, పైన కొంత రంగు కూడా పూసుకొని నల్లవాడైనాడు. కొన్ని వారాలు దక్షిణ రాష్ట్రాలలో తిరిగినాడు. మనిషి అతడే, చదువు అదే, చొక్కా అదే. మంచినీళ్ళు తాగడానికీ, మలమూత్రాలకు పోవడానికీ చోటు వెతుక్కోవలసి వచ్చినది. 1961లో 'బ్లాక్ లైక్ మీ' అనే పుస్తకంగా ఆ అనుభవం అచ్చయినది. ఈ కథ చెప్పినప్పుడు మా అన్న మనుమరాలు కొంచెంసేపు ఏమీ మాట్లాడలేదు.

సరే, ఆస్ట్రేలియా సీసా సంగతి. భూతద్దం పెట్టుకొని చీటీ చదివినాను. బావంచాల వంటిది అందులో లేదు. ఆ మాటకు కొంత ఊపిరి పీల్చుకొన్నాము. ఉన్నవి బీటా కెరోటిన్, కాంథాజాంథిన్, టైరోసిన్, రాగి.

టైరోసిన్ మన చర్మం నల్లరంగును, అంటే మెలనిన్‌ను, తయారుచేసుకొనే ముడిసరుకు. పప్పులో, పాలలో, గుడ్డులో కావలసినంత ఉన్నది. ఇంట్లో బియ్యం మూటలు ఎన్ని దించినా పొయ్యి రాజేయకపోతే అన్నం ఉడకదు గదా! చర్మంలో పొయ్యి రాజేసేది ఎండ దెబ్బే. నీలలోహితాతీత కిరణాలు కణాల డి.ఎన్.ఏ.ను గాయపరిస్తే, ఆ గాయం కేక వేస్తే, అప్పుడు రంగు తయారవుతుంది. ఎండకు నల్లబడడమంటే దెబ్బ తగిలిన తరువాత గొడుగు తెరవడం. దెబ్బ లేకుండా గొడుగు మాత్రమే ఇస్తామనే సీసా మాట నమ్మేటట్లు లేదు. తెల్లవారి చర్మం అట్లా కమిలి సంపాదించుకొనే రక్షణ కూడా బహు స్వల్పం. మామూలు కంటె మూడు నాలుగింతలు సేపు ఎండను ఓర్చుకొంటుంది, అంతే.

కాంథాజాంథిన్ కథ వేరు. కొన్ని పుట్టగొడుగులలో సహజంగా ఉండే ఎర్రని రంగు ఇది. కోళ్ళ మేతలో కలిపితే గుడ్డు సొన ఎర్రబడుతుంది. మనిషి ఎక్కువగా మింగితే చర్మం కింది కొవ్వులో పేరుకొని ఒళ్ళు నారింజ రంగుకు తిరుగుతుంది. దీనికి ఎండతో పని లేదు, ఎండ నుంచి రక్షణా లేదు. రంగు వేసిన గోడ వంటిది. 1980ల ప్రాంతంలో ఈ మాత్రలు విరివిగా తిన్నవారి కంటిపాప వెనుక పొరలో పసుపుపచ్చని స్ఫటికాలు మెరుస్తూ కనిపించినవి. మాత్ర మానిన తరువాత అవి కరగడానికి ఏండ్లు పట్టినది. అమెరికా ప్రభుత్వపు ఆహార, ఔషధ శాఖ దీనిని తిండిలో కొద్దిపాటి రంగుగా ఒప్పుకొన్నది గాని, ఒంటి రంగు మాత్రగా ఏనాడూ ఒప్పుకోలేదు. ఈ మాట చెప్పగానే మా పిల్ల సీసా చేతిలోనుంచి కింద పెట్టినది. తండ్రి కండ్లు వచ్చినవని చెప్పినాను గదా, వాటి మీద ఆమెకు గర్వం.

బీటా కెరోటిన్ మాత్రం మనకు పరాయిది కాదు. మాగిన మామిడిపండు పచ్చదనమంతా కెరోటిన్ల చలవ. క్యారట్‌లో, బొప్పాయిలో, ఆకుచాటున మునగాకులో, తోటకూరలో కూడా ఉన్నది. ఎక్కువగా తింటే అరచేతులు, అరికాళ్ళు పసుపుబారుతవి. కామెర్లని భయపడి వైద్యుని దగ్గరకు పరుగెత్తినవారు ఉన్నారు. కండ్ల తెల్లగుడ్డు తెల్లగానే ఉంటే అది కామెర్లు కాదు. ఎండ పొడ గిట్టని ఒక అరుదైన పుట్టుజబ్బులో దీనిని పెద్ద మోతాదులలో వైద్యులు 1970ల నుంచి ఇస్తూ వచ్చినారు. తిండిలో వచ్చే కెరోటిన్ వలన ఎవరికీ కీడు లేదు. దానినే మాత్రగా గుప్పించినప్పుడు ఏమైనదో వినండి. ఫిన్లండు దేశంలో 29,133 మంది పొగతాగే మగవారితో చేసిన పరిశోధనలో, రోజుకు 20 మిల్లీగ్రాముల చొప్పున తిన్నవారికి ఊపిరితిత్తుల క్యాన్సరు తగ్గడానికి బదులు 18 శాతం ఎక్కువైనదని 1994లో ప్రకటించినారు. అమెరికాలో 18,000 మందికి పైగా చేరిన ఇటువంటిదే మరొక పరిశోధనను, ఇదే కీడు కనిపించి, 1996లో నడుమనే ఆపివేసినారు. కనుక బీడీ, సిగరెట్టు తాగే మగవారు 'ఒంటికి మంచిది గదా' అని ఈ మాత్రలు కొనరాదు. వారికి మామిడిపండు ఉన్నది.

ఇక టమాటా. కోలారు మార్కెట్టులో టమాటా పెట్టెల వరుసలు చూడనివారికి ఆ పంట విస్తారం చెప్పలేము. ఆసియాలోనే పెద్ద టమాటా సంతలలో అది ఒకటి. ధర పడిపోయిన ఏడు రైతు బండి ఎత్తి రోడ్డు మీద కుమ్మరించి పోవడం మేము చూసినదే. ఆ ఎరుపు లైకోపీన్. జర్మనీలో డ్యుసెల్‌డార్ఫ్ శాస్త్రజ్ఞులు 2001లో ఒక చిన్న పరీక్ష ప్రకటించినారు. కొందరికి రోజూ 40 గ్రాముల టమాటా ముద్ద, కొంచెం ఆలివ్ నూనెతో పది వారాలు తినిపించి, చర్మం మీద కిరణాలు పడవేసి చూసినారు. తిననివారి కంటె తిన్నవారి చర్మం సుమారు 40 శాతం తక్కువగా ఎర్రబడినది. రెండు పక్షాలు కలిపి ఇరవైమందికి మించరు కాబట్టి దీనిని పట్టుకొని జెండా ఎగురవేయకూడదు. తిన్న పదివారాలకు గాని ఫలితం రాలేదన్నదీ గమనించాలి. అయినా, నూనెలో మగ్గిన టమాటా నుంచి లైకోపీన్ పచ్చిదానికంటె బాగా ఒంటికి పడుతుందన్నది నిజం. మన టమాటా తొక్కు పెద్దమ్మలు ఏ ప్రయోగశాలలోనూ చదవలేదు.

ఇంతవరకు చెప్పినవాటిలో ఎండ గాయాన్ని తగ్గించడానికి అన్నిటికంటె గట్టి సాక్ష్యం ఉన్నది వేరొకదానికి. అది నికోటినమైడ్, బి విటమినులలో ఒకటి. సిడ్నీలో 386 మంది మీద చేసిన పరిశోధన 2015లో అచ్చయినది. వారందరూ అంతకు మునుపే చర్మపు క్యాన్సర్లు వచ్చి తీయించుకొన్నవారు. రోజుకు రెండుసార్లు 500 మిల్లీగ్రాముల చొప్పున ఏడాది తిన్నవారికి కొత్త క్యాన్సర్లు 23 శాతం తక్కువగా వచ్చినవి. మాత్ర మానగానే ఆ మేలూ పోయినది. మూత్రపిండం వంటివి మార్పిడి చేయించుకొన్నవారిలో 2023లో మళ్ళీ చూస్తే మేలు కనిపించలేదు. మామూలు మనుషులు దీనిని ఊరికే మింగవలసిన పని లేదని దీని అర్థం.

గాని ఈ విటమిను పేరు చదవగానే నాకు గుర్తుకు వచ్చినది సిడ్నీ కాదు, హైదరాబాదు. ఇది తిండిలో లోపిస్తే పెల్లాగ్రా వస్తుంది. ఎండ తగిలినచోటనే, అంటే మెడ చుట్టూ కంటెపెట్టినట్లు, ముంజేతుల మీద, పాదాల మీద, చర్మం కాలినట్లు నల్లబడి పొరలు లేస్తుంది. తరువాత విరేచనాలు, మతిభ్రమ. స్పెయిన్ దేశంలో కసాల్ అనే వైద్యుడు 1735లోనే మొక్కజొన్న తినే బీదలలో దీనిని గుర్తించినాడు. మన తెలంగాణలో జొన్న మాత్రమే తిని బతికే కూలీలలో ఇది కనిపించేది. 1958లో కూనూరు నుంచి హైదరాబాదుకు తరలివచ్చిన పోషకాహార పరిశోధనాలయంలో గోపాలన్, శ్రీకాంతయ్య గారలు దీని మీద పనిచేసి, జొన్నలో ల్యూసిన్ అనే పదార్థం మితిమీరి ఉండడమే కారణమని 1960లో లాన్సెట్ పత్రికలో వాదించినారు. ఆ వాదం మీద తరువాత తర్జనభర్జనలు జరిగినవి గాని, ఒక సంగతి మాత్రం నిలిచినది. తిండి లోపిస్తే అదే ఎండ మనిషిని కాలుస్తుంది. నల్లని చర్మం వారినీ కాలుస్తుంది. ఈ బాధకు మందు ఖరీదైన సీసా కాదు. పప్పు, పాలు, వేరుసెనగ, వీలైనవారికి మాంసం, గుడ్డు.

ఎండంటే శత్రువేనా అని మా పిల్ల అడిగినది. కాదు. తిరుపతి శ్రీ వేంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థలో హరినారాయణ్ గారు, తోటివారు చేసిన పరిశోధనలలో, పొలాలలో పనిచేసేవారి కంటె పట్టణంలో నీడపట్టున ఉండేవారికి డి విటమిను తక్కువగా ఉన్నదని తేలినది. మన అక్షాంశంలో చర్మం ఆ విటమినును చేసుకొనేది ముఖ్యంగా పగలు పదకొండు మొదలు రెండు గంటల లోపల. ఆ వేళలోనే కాల్చే కిరణాలూ ఎక్కువ! కొద్ది నిమిషాలు చేతులకు, కాళ్ళకు ఎండ తగలనిచ్చి నీడకు చేరుకోవడమే దారి. ఎముకలకు కావలసిన సున్నం మాట వస్తే మా కోలారువారికి సంగటి ఉన్నది. నూరు గ్రాముల రాగులలో 344 మిల్లీగ్రాములని పోషకాహార సంస్థ పాత పట్టికలు చెబుతున్నవి.

తెల్లబడే సీసాను గురించి ఎక్కువ రాయను. అది గ్లూటాథియోన్. మన కాలేయం తానే తయారుచేసుకొనే పదార్థం. మాత్రగా తింటే వచ్చే మార్పు స్వల్పం, నిలిచేదీ కాదు. సూదిగా వేయించుకోవడం అపాయకరమని ఫిలిప్పీన్స్ ప్రభుత్వం ప్రజలను హెచ్చరించినది. నల్లని చర్మానికి సహజంగా ఉన్న రక్షణను కొని పారవేసుకోవడం ఏ లెక్క ప్రకారం లాభమో నాకు అర్థం కాదు. అటు ఆస్ట్రేలియావారు, లోకంలోకెల్లా ఎక్కువ చర్మపు క్యాన్సర్లతో తల బాదుకొని, నల్లబడడానికి డబ్బిచ్చి పడుకొనే దీపాల అంగళ్ళను 2015 ప్రాంతంలో మూయించివేసినారు.

నాలుగవనాడు పిల్ల తోటకు వస్తానన్నది. మా ఊరు సముద్రమట్టానికి సుమారు 800 మీటర్ల ఎత్తు. గాలి చల్లగా తగులుతుంది, ఎండ తీవ్రత తెలియనివ్వదు. కోత కూలీ ఆడవాళ్ళను చూడండి. చీర మీద మగవాళ్ళ ఫుల్ చొక్కా తొడుక్కొని, చేతుల గుండీలు పెట్టుకొని, తలకు తువ్వాలు చుట్టి, మెడ దాకా దించుకొంటారు. ఎండకే కాదు, తొడిమ విరిగినప్పుడు చిమ్మే సొన పడితే చర్మం కాలినట్లు మచ్చ పడుతుంది. మా చెల్లెలు తన భర్త పాత చొక్కా ఒకటి వెతికి తీసి మనుమరాలికి తొడిగినది. దోటి పట్టుకొని పిల్ల రెండు గంటలు పనిచేసినది. మిట్టమధ్యాహ్నానికి ముందే కూలీలతో పాటు చింతచెట్టు కిందికి వచ్చి సంగటి తిన్నది. "మీ నాయన కూడా ఇట్లే చెమట కారుస్తా తినేవాడు" అన్నది ఒక ముసలి కూలీ. ఆ మాట పిల్లకు రెండుసార్లు చెప్పించుకొన్నది.

మా అన్న మనుమరాలు తన సీసా అయిపోయేదాకా తిన్నది. రంగు మారలేదు. సంబంధం ఆ తరువాత కుదిరినది. ఆస్ట్రేలియా పిల్ల పోయేనాడు స్నానాల గది గూటిలో సీసా లేదు. పారవేసినదో, తీసుకొనిపోయినదో నేను అడగలేదు. చొక్కా కోసం మా చెల్లెలు రెండు రోజులు ఇల్లంతా వెతికినది. అది పిల్ల పెట్టెలో ఉన్నదని తరువాత ఫోనులో తెలిసినది.